తలలో తెల్లదోమ

నా తలకాయలో ఏమీ లేదని మద్రాసులో పరీక్ష చేసి మరీ కాగితం మీద రాసిచ్చారు. మా అన్నయ్య దావీదు నా చిన్నప్పటి నుంచి ఆ మాటే చెబుతున్నాడు. కాకపోతే రైలెక్కకుండా, యంత్రం లేకుండా చెప్పేవాడు.

ఆ కాగితం ఇప్పుడు నా ట్రంకుపెట్టెలో బట్టల అడుగున, టీచరు ట్రైనింగు సర్టిఫికెట్టు పక్కనే ఉంది. నాకు తల ఉందని ఒకటి చెబుతుంది, అందులో ఏమీ లేదని రెండోది చెబుతుంది. రెండింటికీ సంతకాలు, ముద్రలు ఉన్నాయి కాబట్టి దేన్నీ కాదనలేక పక్కపక్కన పెట్టాను.

ఇది ఎనభై ఎనిమిది. జబ్బు మొదలై మూడేళ్ళు. పోయిన నెలలో సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన మా బడికి వెతుక్కుంటూ వచ్చాడు. కూతురు ఇంటర్ చదువుతోందట. నెల రోజులుగా గోడతో మాట్లాడుతోందట. అరుగు మీద కూర్చుని తువ్వాలు నలుపుతూ, "మీరెట్టా బయటపడ్డారు టీచరుగారూ?" అని అడిగాడు. గంటసేపు చెప్పాను. ఆయన వెళ్ళాక చూసుకుంటే, చెప్పాల్సిందాంట్లో సగమే చెప్పానని తేలింది. ఇది ఆ మిగిలిన సగం. ఆయనకోసం రాస్తున్నాను, కాస్త నాకోసం కూడా.

*ఎనభై అయిదు, జూలై నుంచి సెప్టెంబరు*

ప్రత్తిపాడుకు నాలుగు మైళ్ళలో మా ఊరు. ఊళ్ళో పరిషత్తు బడి. ఇద్దరమే టీచర్లం. పెద్ద పిల్లలకు హెడ్మాస్టరు కరీం మాస్టారు, ఒకటీ రెండు తరగతులకు నేను, ఎస్తేరు రాణిని. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. నాన్న నా తొమ్మిదో తరగతిలోనే పోయాడు. అమ్మ పత్తి తీసి, మిరపకాయలు కోసి చదివించింది. మా పేటలో గవర్నమెంటు జీతం తెచ్చుకున్న మొదటి ఆడపిల్లను నేనే. ఈ ఒక్క ముక్క తెలిస్తే, తరవాత నేను దేనికి భయపడ్డానో తెలుస్తుంది.

జూలైలో ఒక పొద్దున హాజరు తీసుకుంటున్నాను. చివరి పేరు పిలిచి పట్టీ మూయబోతుంటే, ఎవరో "ఎస్తేరు రాణి" అన్నారు. స్పష్టంగా, తీరిగ్గా, పట్టీలో చూసి చదివినట్టు. నేను అలవాటుగా "హాజరండీ" అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. టీచరు తన హాజరు తానే పలకడం వాళ్ళకు ఆ వారమంతా ఆట.

నాకు ఆట కాలేదు. ఆ గొంతు మళ్ళీ వచ్చింది. పంపు దగ్గర బిందె పెడితే వచ్చింది. చర్చిలో పాటకూ పాటకూ మధ్య వచ్చింది. ఆడగొంతో మగగొంతో చెప్పలేను. నేను వెంటనే పలికితే సరే. ఆలస్యమైతే "గైరుహాజరు" అనేది. మూడుసార్లు గైరుహాజరు పడితే పేరు కొట్టేస్తారని ఎలాగో నాకు తెలిసిపోయింది. ఏ పట్టీలోంచి కొట్టేస్తారని అడక్కండి. అన్ని పట్టీల్లోంచీ. అమ్మ నన్ను గుర్తుపట్టదు, బడిలో నా కుర్చీ ఉండదు. పిచ్చిలో కూడా నాకు ఉద్యోగం పోతుందన్న భయమే వచ్చిందంటే, నేనెంత బుద్ధిమంతురాలైన ఉద్యోగినో మీరే చూసుకోండి.

సెప్టెంబరు నాటికి తిండి లేదు, నిద్ర లేదు. బోర్డు మీద సుద్ద మరకలన్నీ నాకు వేసిన సున్నాలని నమ్మి, బోర్డు తుడవనిచ్చేదాన్ని కాదు. ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో లేచి బయటికి నడిచాను. గొంతు చేలోంచి పిలుస్తోంది. పత్తి చేలోకి దిగి, నడుం ఎత్తు మొక్కల మధ్య నిలబడి "హాజరు, హాజరు, హాజరు" అంటూనే ఉన్నాను. ఆ చేలో కలుపు తీస్తున్న కూలీల్లో మా అమ్మ సంతోషమ్మ ఉంది. పరుగెత్తుకొచ్చింది.

"ఎవరికే చెబుతున్నావు?"

"పిలుస్తున్నారమ్మా."

"పిలిస్తే నాకినబడదా? నాకేమన్నా చెవుడా?" అని నాలుగు దిక్కులా చూసింది. నిజంగా చెవి రిక్కించి విన్నది. తరవాత నా చెయ్యి పట్టుకుని, "సరే, నువ్వు హాజరన్నావుగా, ఇంక ఇంటికి పోదాం పద" అంది. ఆ రోజు నన్ను చేలోంచి బయటికి తేగల మాట అదొక్కటే. అమ్మకు అదెలా తోచిందో ఇప్పటికీ తెలియదు.

*సెప్టెంబరు చివర, అక్టోబరు*

పేటలో ఎవరి వైద్యం వాళ్ళు చెప్పారు. దెయ్యం అన్నవాళ్ళున్నారు, దిష్టి అన్నవాళ్ళున్నారు. మా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి, "గుంటూరులో డాక్టరున్నాడు సంతోషమ్మా. ప్రార్థనా చేద్దాం, మందూ వేద్దాం. రెండూ ఏమీ తగవులాడుకోవులే" అన్నారు. నా మతి పోయింది గానీ మతం పోలేదని ఆయన ఊరట.

గుంటూరు కొత్తపేటలో డాక్టరుగారి ముందుగది నాకు బాగా గుర్తు. రెండు పొడుగాటి బల్లలు, నీళ్ళ కుండ. అందరూ నేల చూపులే. ఎవరిని కదిపినా పక్కవాళ్ళ కోసం వచ్చామంటారు. "మా మరిదికి నిద్ర పట్టదు", "మా తోడికోడలికి గుండెదడ." ఆ గదిలో అందరూ తోడు వచ్చినవాళ్ళే, రోగి ఒక్కరూ లేరు. అసలు రోగి ఎవరో డాక్టరుగారు సోది చెప్పించుకుని తెలుసుకోవాలి.

నా జుట్టు రేగి ఉంది. వారంగా దువ్వనివ్వలేదు. ఎదురు బల్ల మీద కూర్చున్న చిలకలూరిపేట ఆవిడ లేచి వచ్చి, సంచిలోంచి దువ్వెన తీసి, నన్నేమీ అడక్కుండా చిక్కులు తీసి జడ వేసింది. "మా పిల్లక్కూడా ఇంతే జుట్టుండేది" అంది. ఆ 'ఉండేది' నాకప్పుడు వినబడలేదు. ఎన్నో లేని మాటలు విన్న చెవులు ఆ ఉన్న మాటను వదిలేశాయి.

డాక్టరుగారు నెమ్మది మనిషి. అరగంట విన్నారు. అమ్మ జబ్బు పేరు అడిగింది.

"సైకోసిస్ అంటామమ్మా. అది ఇంటిపేరు లాంటిది. అసలు పేరు ఇప్పుడే పెట్టను. పుట్టి మూడు నెలలే అయింది, బారసాలకు తొందరేముంది? మొదట్లోనే తీసుకొచ్చారు, అదే మంచి పని."

"తగ్గుద్దా బాబూ? మళ్ళీ బడికి పోద్దా?"

"తగ్గుతుందనే మందిస్తున్నాను. బడి సంగతి జూన్‌లో చూద్దాం."

జూన్. నా ముందు ఒక గీత గీసినట్టయింది. ఆ గీత దాటితే నేను టీచర్ని. దాటలేకపోతే ఎవరినో నాకే తెలియదు.

అన్నయ్య అంతవరకు ఆగలేదు. చేను కౌలుకు చేసేవాడు. ఆ ఏడు తెల్లదోమ పడి పంట పోతోంది. దానికితోడు ఊళ్ళో నా గురించి మాటలు. ఒకరోజు నా పేరుతో రాజీనామా కాగితం రాయించి తెచ్చాడు.

"వాళ్ళు తీసేస్తే పరువు పోద్ది. మనమే మానేస్తే మర్యాదగా ఉంటది. సంతకం పెట్టవే."

మందు మత్తులో నేను పెట్టేశాను కూడా. అన్నయ్య దాన్ని కరీం మాస్టారికి ఇచ్చాడు. మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, మడిచి సొరుగులో పెట్టారట.

"చూడు దావీదూ, ఒంట్లో బాగాలేనప్పుడు పెట్టిన సంతకం చెల్లదు. బాగున్నప్పుడు పెట్టించుకురా."

"బాగుంటే ఎందుకు పెడద్దండీ?"

"అదే నేనూ అంటున్నా" అన్నారట మాస్టారు.

ఆ రోజు నుంచి ఆయన అయిదు తరగతులూ ఒక్కరే చూశారు. నా కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదని తరవాత పిల్లలు చెప్పారు.

*నవంబరు*

డాక్టరుగారితో చదువుకున్నాయన మద్రాసులో ఉన్నారు. ఈ జబ్బు కొత్తగా వచ్చినవాళ్ళకు మెదడు ఫొటోలు తీసి చూస్తున్నారట. పాతబడ్డాక చూస్తే ఏది జబ్బు చేసిందో, ఏది మందు చేసిందో తెలియదు కాబట్టి మొదట్లోనే చూడాలని వాళ్ళ పట్టుదల. "వెళ్తావా?" అని నన్నడిగారు. అమ్మనూ అన్నయ్యనూ కాదు, నన్ను. నాలుగు నెలల్లో నా ఇష్టం అడిగిన మొదటి ప్రశ్న అది. అందుకే ఒప్పుకున్నాను.

"ఏం చూస్తారండీ లోపల?"

ఆయన కాగితం మీద ఒక వాల్‌నట్ కాయలాంటి బొమ్మ గీశారు. "మెదడు రెండు రంగులమ్మా. పైపొర బూడిదరంగు. దాన్ని గ్రే మేటర్ అంటాం. ఆలోచన పుట్టేది అక్కడ. లోపల తెల్లగా ఉండేది వైట్ మేటర్. అంతా సన్నని తీగలు. ఇక్కడి కబురు అక్కడికి మోస్తాయి. టపావాళ్ళనుకో."

"అయితే నా ఉత్తరాలు తప్పు ఇంట్లో పడుతున్నాయా అండీ?"

ఆయన కలం కింద పెట్టారు. "కొందరు అట్లాగే అనుకుంటున్నారు. నీ ఆలోచనే నీకు చేరేసరికి ఎవరో పిలిచినట్టు వినబడుతోందేమో. ఖాయంగా ఎవరికీ తెలియదు."

ఆ 'తెలియదు' నాకెంతో నచ్చింది. అప్పటిదాకా కలిసినవాళ్ళందరికీ నా గురించి అంతా తెలుసు.

అన్నయ్య, నేను తెనాలిలో రైలెక్కాం. మేం ఊరు దాటకముందే వార్త దాటింది. పక్కింటి సుబ్బమ్మ చెవిన స్కానింగు అన్న మాట పడి, నోట కాన్పు అయి బయటికొచ్చింది. పెళ్ళికాని టీచరు గుట్టుగా మద్రాసులో కాన్పుకు పోయిందని ప్రత్తిపాడు దాకా చెప్పుకున్నారు. నేను తిరిగొచ్చాక ఇద్దరు ఆడవాళ్ళు పరామర్శకొచ్చి, నా చేతుల్లోకి, మంచం కిందికి వెతుకులాడుతూ చూశారు.

మద్రాసు ఆసుపత్రిలో గది చల్లగా, యంత్రం తెల్లగా, పెద్ద గారెలా మధ్యలో చిల్లుతో ఉంది. బల్ల మీద పడుకోబెట్టి నా తలను ఆ చిల్లులోకి జరిపారు. యంత్రం నడిపే అతను అరవంలో "ఆడాదీంగ" అన్నాడు. ఆడదానివా అని అడుగుతున్నాడనుకుని, అవునన్నట్టు తలూపాను. అతను మళ్ళీ, గట్టిగా, "ఆడాదీంగ!" అన్నాడు. నమ్మకం కుదరలేదేమోనని ఇంకా గట్టిగా ఊపాను. నాలుగోసారికి నర్సు పరుగున వచ్చి, వచ్చీరాని తెలుగులో, "అమ్మా, కదలొద్దు అని చెప్పేది!" అంది. అప్పటిదాకా తీసిన బొమ్మలు పాడయ్యాయి. మళ్ళీ మొదటి నుంచి తీశారు.

ఈసారి కదల్లేదు. యంత్రం గిర్రుమంది. ఆ మోతలో, సరిగ్గా నా చెవి పక్కన, గొంతు పిలిచింది.

"ఎస్తేరు రాణి."

పలకాలంటే పెదవి కదలాలి. కదిలితే బొమ్మ పాడు. అన్నయ్య చేను వదిలి వచ్చాడు, నర్సు ఇందాకే కసిరింది. బిగుసుకుని పడుకున్నాను. "ఎస్తేరు రాణి" అని మళ్ళీ పిలిచింది. "గైరుహాజరు" అంది. ఒకటి. రెండు. మూడు.

మూడు కూడా అయిపోయాయి. యంత్రం తన పని తాను చేసుకుంటోంది. నేను బల్ల మీదే ఉన్నాను. బయటికి జరిపాక అన్నయ్య నన్ను గుర్తుపట్టాడు. "అయిందా? ఆకలేస్తందా?" అన్నాడు.

ఆ యంత్రం నా తలలో ఏమి చూసిందో గానీ, పలక్కపోయినా నేను ఉంటానని నాకు చూపించింది. గొంతు ఆ తరవాతా వచ్చింది. కానీ పలకాలా వద్దా అన్నది నా చేతిలో పనైంది. నాకు సంబంధించినంతవరకు జబ్బు మలుపు తిరిగింది అక్కడే, ఆ గారె చిల్లులో.

*నవంబరు చివర నుంచి జనవరి*

ఫిల్ములు గుంటూరు వచ్చాయి. డాక్టరుగారు కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించారు. క్యాబేజీని అడ్డంగా కోసినట్టు నా తల ముక్కలు ముక్కలుగా వరసన ఉంది.

"ఏమీ కనబడలేదమ్మా."

"ఏమీ లేదా అండీ?"

"కనబడలేదన్నాను, లేదనలేదు. ఈ యంత్రం లోపలి తెల్లదాన్ని సరిగ్గా పట్టలేదు. మంచివి వస్తున్నాయట. అప్పటిదాకా మనకు కనబడేది నువ్వే. నిద్రపోతున్నావు, తింటున్నావు, నవ్వుతున్నావు. నాకది చాలు."

మందు మత్తుకు ఇంటికి రాగానే నిద్రపోయాను. కాబట్టి ఇక్కడి నుంచి అన్నయ్య చెప్పిందే. అమ్మ పొయ్యి దగ్గర నుంచి అడిగింది.

"ఏమన్నాడురా డాక్టరు?"

"తల లోపల వైటు మేటరంట."

"అంటే?"

"వైటంటే తెల్లది. మేటరంటే విషయం."

"తెల్ల విషయమా? సరిగ్గా చెప్పి చావరా."

"తెల్లదేదో ఉందంటమ్మా. సన్నగా ఉంటదంట. యంత్రానిక్కూడా సరిగ్గా కనపడలేదంట. అడుగున ఉంటది గదా."

అమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టింది. తెల్లది, సన్నది, అడుగున దాక్కునేది, ఎన్ని మందులు కొట్టినా పోనిది. ఆ ఏడు మా వైపు చేలల్లో ఎవరినడిగినా దాని పేరు చెబుతారు. ఆకు తిప్పితే కింద బారులు తీరి ఉండేది. మొక్క కదిపితే పిండి జల్లినట్టు లేచేది. ఆకులన్నీ జిగటై, నల్లబడి, కాయ విచ్చకముందే చేను చచ్చేది. ప్రత్తిపాడు పేరులో రెండు ముక్కలుంటే, ఆ ఏడు రెండోదే మిగిలింది.

"అయితే దోమే" అంది అమ్మ. "చేలో నిలబడి అరిచిందిగా ఆ రోజు. చెవిలోంచి పోయి ఉంటది."

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచేసరికి నా మంచం పక్క కిటికీకి ఒక పసుపుపచ్చ డబ్బా వేలాడుతోంది. ఖాళీ నూనె డబ్బాకు పసుపు రంగు పూసి, మీద ఆముదం రాసి చేలో కర్రకు కట్టమని వ్యవసాయ శాఖ వాళ్ళు రైతులకు చెప్పారు. పసుపు రంగు చూసి దోమ వచ్చి వాలి, ఆముదంలో అంటుకుపోతుంది. అన్నయ్య చేలో నలభై పెట్టాడు. నలభై ఒకటోది నాకు.

"ఏందమ్మా ఇది?"

"నీకెందుకు? పడుకో. లోపలున్నయ్యి బయటికొస్తయ్యి."

విషయమంతా అర్థమయ్యేసరికి నాకు చాలా నెలల తరవాత మొదటిసారి కడుపులోంచి నవ్వొచ్చింది. చెప్పబోయి ఆగిపోయాను. నేను లేని గొంతును నమ్మినప్పుడు అమ్మ చెవి రిక్కించి విన్నది. లేని దోమను అమ్మ నమ్మితే నేను డబ్బా వైపు చూడలేనా? అమ్మ కోసం చూద్దాం అనుకున్నాను.

మందులతో పొద్దున మంచం దిగడం కొండ దిగినంత పని. అయినా అమ్మ, "లేవవే, ఎన్ని పడ్డయ్యో చూద్దాం" అనేది. దిగేదాన్ని. ఇద్దరం తలలు ఆనించి లెక్క పెట్టేవాళ్ళం. మొదటివారం తెల్లదోమలే బోలెడు. చేను ఇంటికి కూతవేటు దూరం మరి. జనవరికి అన్నయ్య పత్తికట్టె పీకించాడు, దోమలు తగ్గాయి. "తగ్గుతున్నయ్యే!" అని అమ్మ మురిసింది. విచిత్రం, నాకు వినబడే గొంతూ తగ్గుతోంది. లెక్కలు చెప్పే టీచర్ని కాబట్టి ఈ రెండింటికీ సంబంధం లేదని నాకు తెలుసు. కూతుర్ని కాబట్టి చెప్పలేదు.

*ఎనభై ఆరు, ఫిబ్రవరి*

ఇది తప్పు ఒప్పుకునే భాగం. సత్తెనపల్లి పెద్దాయనకు చెప్పకుండా దాటేసిన సగంలో ముఖ్యమైనది ఇదే.

బాగున్నాను కదా, ఇంకా మందెందుకు అనిపించింది. మందుకు నా చేతులు వణికేవి. ఇంట్లో పలక మీద రాసి చూసుకునేదాన్ని. అక్షరాలు బస్సులో కూర్చుని రాసినట్టుండేవి. జూన్ దగ్గరికొస్తోంది. వణికే చేత్తో బోర్డు ముందు ఎలా నిలబడను? అమ్మ ఇచ్చిన మాత్ర నోట్లో పెట్టుకుని, అటు తిరగ్గానే కిటికీలోంచి ఊసేయడం మొదలుపెట్టాను. పదిరోజులు గడిచాయి. చెయ్యి కుదుటపడింది. మనసు చెదిరింది. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, ఊరంతా ఘాటు, అందరూ తుమ్ముతున్నారు. ఆ తుమ్ముల మధ్య నా పేరు మళ్ళీ వినబడింది. ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున అమ్మ పిలిచింది.

"రాణీ, ఇట్రా. ఈ దోమను చూడు."

డబ్బా మీద ఆముదంలో తెల్లగా, గుండ్రంగా ఒకటి అంటుకుని ఉంది.

"ఇంత లావు దోమను నేనెప్పుడూ చూళ్ళేదే" అంది అమ్మ. "రెక్కల్లేవు. మధ్యలో గీత కూడా ఉంది."

నేను తెల్లబోయాను. తెల్లనిదల్లా ఆ డబ్బాకు చిక్కుతుంది, నేనూ చిక్కాను.

అమ్మ అరవలేదు. పక్కన కూర్చుంది. "ఎందుకు పారేశావు?"

"చెయ్యి వణుకుతోందమ్మా. బోర్డు మీద 'అ' రాస్తే, వణుకుతున్న 'అ' అవుద్ది."

అమ్మ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "వణుకుతున్న 'అ'యే నేర్చుకుంటార్లే. నాకైతే వణకనిది కూడా రాదుగా."

నేను ఏడ్చాను. జబ్బు మొదలయ్యాక భయంతో కాకుండా వచ్చిన మొదటి ఏడుపు అది. గొంతు మళ్ళీ వచ్చిందని అప్పుడు చెప్పాను. అదేరోజు గుంటూరు వెళ్ళాం. డాక్టరుగారు మోతాదు తగ్గించి, వణుకుకు ఇంకో మాత్ర కలిపారు.

"వణుకుతోందని చెబితే అప్పుడే తగ్గించేవాడినిగా?"

"అడగొచ్చని తెలియదండీ."

అడగొచ్చు. ఇది చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఒక్క ముక్క పట్టుకోండి. మందు ఇబ్బంది పెడితే డాక్టరును అడగండి. కిటికీని అడక్కండి. అందరి కిటికీలకూ డబ్బాలుండవు.

*జూన్*

నేను ఉద్యోగం చేయగలనని డాక్టరుగారు సర్టిఫికెట్టు ఇచ్చారు. అన్నయ్య దాన్ని రెండుసార్లు చదివించుకుని, మూడోసారి తానే పట్టుకుని కరీం మాస్టారి ఇంటికి నడిచాడు. రాజీనామా గురించి నాతో ఒక్కమాటా అనలేదు. ఆ సాయంత్రం నాకు కొత్త సుద్దముక్కల పెట్టె ఒకటి తెచ్చి మంచం మీద పెట్టి, "బళ్ళో ఇచ్చే సుద్దలు నాసిరకంగా ఉంటయ్యంట" అని బయటికి పోయాడు. మా అన్నయ్యకు క్షమాపణ చెప్పడం ఆ మాత్రం వచ్చు.

బడి తెరిచే రోజు పొద్దున లేచి, అలవాటుగా డబ్బా దగ్గరికి వెళ్ళాను. ఒక ఈగ, రెండు చీమలు.

"తీసేద్దామంటావా?" అంది అమ్మ.

"నీకిష్టమైతే ఉంచమ్మా. నీ కోసమేగా నేను చూస్తోంది."

"నా కోసమా?" అమ్మ నా వైపు తిరిగింది. "నా కోసమేందే? తలలో దోమ లేదని నాకు సంక్రాంతి ముందే తెలుసు. నువ్వు బయట బల్ల మీద కూర్చున్నప్పుడు డాక్టర్నడిగా. దోమ చచ్చిందా బాబూ అని. ఆయన నవ్వకండా, బొమ్మేసి చెప్పాడు. తీగలంట, టపావాళ్ళంట."

"మరి ఆముదం రాస్తూనే ఉన్నావుగా?"

"నువ్వు మంచం దిగితేగా! స్నానానికి లేవమంటే లేవవు, అన్నానికి లేవమంటే లేవవు. దోమల్ని లెక్కెడదామంటే లేచేదానివి. నీకదేందో సరదా అనుకున్నా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆరు నెలలుగా నేను అమ్మ పిచ్చిని భరిస్తున్నాననుకుంటుంటే, అమ్మ నా పిచ్చిని భరిస్తోంది. మొదట ఎవరం నవ్వామో గుర్తులేదు. సుబ్బమ్మ మాత్రం గోడ మీంచి తొంగి చూసింది.

బడికి వెళ్ళేసరికి కరీం మాస్టారు సొరుగులోంచి నా రాజీనామా కాగితం తీసి ఇచ్చారు. "వెనకవైపు తెల్లగానే ఉందమ్మాయ్, చిత్తుకి పనికొస్తుంది."

"చిత్తం మాస్టారూ" అన్నాను. ఆయన నవ్వి, "పాత ఎస్తేరు రాణే వచ్చింది" అని తన తరగతికి వెళ్ళిపోయారు.

నా కుర్చీ నా కుర్చీలాగే ఉంది. పట్టీ తెరిచాను. నలభై ఒక్క పేర్లు. ఒక్కొక్కటే పిలిచాను. పోయిన ఏడు ఒకటిలో ఉన్నవాళ్ళు ఇప్పుడు రెండులో, ముందువరసలో కూర్చున్నారు. చివరి పేరు అయింది. పట్టీ మూయకుండా ఆగాను. జూలైలో ఆ గొంతు వచ్చింది సరిగ్గా ఈ సందులోనే. అలసిపోయిన రోజుల్లో ఇప్పటికీ ఎక్కడో దూరంగా వస్తుంది, అబద్ధం చెప్పను. ఆ రోజు రాలేదు. బయట పంపు చప్పుడు, పక్క తరగతిలో మాస్టారి ఎక్కాలు, అంతే.

ముందువరసలోంచి మేరీ అనే పిల్ల చెయ్యెత్తింది. "టీచరుగారండీ, మీ పేరు పిలవరా?"

వాళ్ళు మర్చిపోలేదు. ఏడాది కిందటి ఆట వాళ్ళకింకా గుర్తుంది. గొంతు సవరించుకున్నాను. ఆ పేరును పిలవాల్సిన గొంతు ఏదో నాకప్పుడు తెలుసు.

"ఎస్తేరు రాణి" అని పిలిచాను.

నేను నోరు తెరిచేలోపలే నలభై ఒక్కమందీ ఒక్కసారిగా అరిచారు. "హాజరండీ!"

పట్టీలో నా పేరు లేదు కాబట్టి ఎక్కడ గుర్తు పెట్టాలో తెలియలేదు. లేచి, అన్నయ్య తెచ్చిన సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద పెద్దగా 'అ' రాశాను. కొంచెం వణికింది. పిల్లలు తలలు వంచి, నాలుకలు బయటపెట్టి, ఆ వంకరతో సహా పలకల మీద దించుకున్నారు.